పురుగు ఒంట్లో కరువు పని

మా అవ్వకు తను పుట్టిన ఏడు తెలియదు. వయసెంత అని అడిగితే, "గంజి కరువు నాటికి మీ పెదనాయన నా చంకలో ఉన్నాడు" అనేది. ఆ లెక్కన తొంభై దాటి బతికినట్టే. ఆ కరువులోనే గంప నెత్తిన పెట్టుకుని ఊరి చెరువులో పూడిక మోసిన సంగతి కూడా చెప్పేది. చెరువులో చుక్క నీరు లేదు కాబట్టే ఆ పని దొరికింది.

కరువు పని అంటే ఏమిటో కడప, అనంతపురం, కర్నూలు వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. వాన పడితే అందరూ సేద్యంలో మునిగిపోతారు. వాన రాకపోతే కట్టకు మట్టి వేస్తారు, కాలువ పూడిక తీస్తారు, తూము బాగు చేస్తారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఊరికే ఆ ఊరిని ఎంచుకోలేదు. తమాషా ఏమిటంటే, పంటలు బాగా పండిన ఏడు చెరువు కట్ట మొహం చూసేవాడే ఉండడు. కరువొచ్చిన ఏడే దానికి వైద్యం.

ముసలితనానికీ జన్యువులకూ ఉన్న సంబంధం మీద ఒక శాస్త్రవేత్త చేసిన పని గురించి చదువుతుంటే నాకు పదే పదే ఈ కరువు పనే గుర్తొచ్చింది. ఆమె పేరు సింథియా కెన్యన్. అమెరికా ఆమె. దశాబ్దాల పాటు ఆమె సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది ఒక్క మిల్లీమీటరు పొడవున్న పురుగును.

పులివెందుల వైపు అరటి రైతును నెమటోడ్స్ సంగతి అడిగితే మొక్క పెరికి వేర్ల మీద బుడిపెలు చూపిస్తాడు. నులిపురుగులంటే అవే. కెన్యన్ పురుగు వాటికి దాయాది. అయితే ఇది వేర్ల జోలికి పోదు, కుళ్లిన పండ్లలోనూ మట్టిలోనూ బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ దీని పూర్తి పేరు. అందరూ సి. ఎలిగాన్స్ అంటారు. దీన్ని 1960ల్లో కేంబ్రిడ్జి ప్రయోగశాలకు తెచ్చి పెంచినవాడు సిడ్నీ బ్రెన్నర్. ఒళ్లు గాజులా ఉంటుంది కాబట్టి లోపలి కణాలు బయటికే కనిపిస్తాయి. పెద్ద పురుగులో సంతాన కణాలు కాక 959 కణాలు, అందులో 302 నాడీకణాలు, అంతే. ఆడా మగా ఒకే ఒంట్లో ఉండి తనంతట తనే 300 దాకా పిల్లల్ని పెడుతుంది. మూడు రోజుల్లో ఎదిగి, రెండు మూడు వారాల్లో ముసలిదై చచ్చిపోతుంది. ముసలితనాన్ని చదవాలనుకునేవాళ్లకు ఈ చివరిదే వరం. మనుషుల్లో అదే చూడాలంటే చూసేవాడి ఆయుష్షు చాలదు.

కెన్యన్ మొదట ముసలితనం కోసం రాలేదు. జార్జియాలో రసాయనశాస్త్రం, జీవరసాయనశాస్త్రం చదివి, 1981లో ఎం.ఐ.టి.లో డాక్టరేట్ తీసుకుంది. అక్కడ ఆమె పని, డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు బ్యాక్టీరియాలో ఏ జన్యువులు మేలుకుంటాయో వెతకడం. మరమ్మతు సంగతే, గమనించండి. తర్వాత బ్రెన్నర్ దగ్గర చేరి పురుగు శరీరం గుడ్డు నుంచి ఎలా రూపు దిద్దుకుంటుందో నేర్చుకుంది. 1986లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సొంత ల్యాబు పెట్టింది. మంచి పేరు, మంచి దారి. అందులోంచి పక్కకు తిరగాల్సిన పనే లేదు.

తిరగడానికి కారణం ఆమె చాలాసార్లు చెప్పుకుంది. ఒకసారి పెట్టెలో మరిచిపోయిన పళ్లెం తీసి చూస్తే అందులో పురుగులు ముసలివై కదల్లేక పడి ఉన్నాయి. వాటిని చూసి జాలేసింది, ఆ వెంటనే నేనూ ఇలాగే అవుతున్నాను కదా అనిపించింది, ఆ తర్వాత దీన్ని నడిపే జన్యువులు ఉంటాయా అన్న ప్రశ్న వచ్చింది. సాటివాళ్లు వద్దన్నారు. ల్యాబులో ఈ పనికి విద్యార్థులు దొరకడం కూడా కష్టమైంది.

వాళ్లు వద్దనడం మూర్ఖత్వమేమీ కాదు. ముసలితనం అంటే బండి ఇరుసు అరిగినట్టు ఒళ్లు అరగడమే అని అందరి నమ్మకం. ఆ నమ్మకానికి వెనక గట్టి సిద్ధాంతం కూడా ఉంది. పిల్లల్ని కనేశాక ఒంటికి ఏమైనా ప్రకృతి ఎంపిక పెద్దగా పట్టించుకోదని పీటర్ మెడావర్ చెప్పాడు. వయసులో మేలు చేసే జన్యువే ముసలితనంలో కీడు చేయొచ్చని 1957లో జార్జ్ విలియమ్స్ రాశాడు. అలాంటప్పుడు వందల జన్యువుల చిన్నచిన్న లోపాలన్నీ కలిసి మనిషిని కూలదోస్తాయే తప్ప ఒక్క మీట నొక్కితే ఆయుష్షు మారడం జరగదు. కానీ అరగడమే అంతా అయితే ఒక చిక్కు తెగదు. ఇంట్లో తిరిగే ఎలుక రెండు మూడేళ్లు బతికితే, దానికంటే చిన్న ఒళ్లున్న కొన్ని గబ్బిలాలు 30 ఏళ్లు దాటి ఎగురుతున్నాయి. అరుగుదల రెండింటికీ ఉంది. మరి తేడా ఎక్కడ?

ఇక్కడ ఒక న్యాయం చెప్పాలి. ఈ కథను చాలామంది కెన్యన్‌తోనే మొదలుపెడతారు. ఆమెకు ముందు మైకేల్ క్లాస్ 1983లోనే ఎక్కువ కాలం బతికే పురుగులను పట్టాడు. అవి సరిగా తినకపోవడం వల్ల అలా బతుకుతున్నాయేమో అనుకుని ఆయన వేరే పనిలోకి వెళ్లిపోయాడు. ఆ పురుగులను తీసుకుని టామ్ జాన్సన్, డేవిడ్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి 1988లో తేల్చింది: ఆ ఆయుష్షు ఏజ్-1 అనే ఒక్క జన్యువులోని మార్పు వల్లే. అంత పెద్ద మాటను అప్పుడు నమ్మినవాళ్లు తక్కువ.

కెన్యన్ ల్యాబు 1993లో చెప్పింది మాత్రం ఎవరూ పక్కన పెట్టలేకపోయారు. డాఫ్-2 అనే జన్యువు కొంత దెబ్బతిన్న పురుగులు మామూలు వాటికంటే రెట్టింపుకు పైగా బతికాయి. మామూలువి సగటున 18 రోజులు, ఇవి 42. అంతకంటే పెద్ద విషయం, అవి మంచాన పడి ఈడ్చినవి కావు. మామూలు పురుగులు ముడుచుకుపోయిన రోజుకు ఇవి ఇంకా చురుగ్గా తిరుగుతున్నాయి. డాఫ్-16 అనే మరో జన్యువును తీసేస్తే ఈ లాభమంతా పోయింది.

ఈ అంకెల వెనక పని ఎలాంటిదో కాస్త చెప్పాలి. యంత్రం లేదు, మంత్రం లేదు. పురుగులు రోజూ పిల్లల్ని పెడతాయి కాబట్టి తల్లులూ పిల్లలూ కలిసిపోకుండా పెద్దవాటిని ఒక్కొక్కటే సన్నటి ప్లాటినం తీగతో ఎత్తి కొత్త పళ్లెంలో వేయాలి. కదలని పురుగును అదే తీగతో తాకాలి. తల కూడా కదపకపోతే చచ్చిందని రాసుకోవాలి. మళ్లీ మరుసటి రోజు. మొలక శాతం చూసేవాడు గింజలు లెక్కపెట్టినంత ఓపిక కావాలి, అదీ వారాల తరబడి.

ఇంతకీ డాఫ్-2 అసలు పనేమిటి? జవాబు ఆ పేరులోనే ఉంది. డాఫ్ అంటే డావర్‌గా మారడానికి సంబంధించినది అని. డావర్ అంటే జర్మన్ భాషలో నిలిచి ఉండేది. పిల్ల పురుగు పెరిగేటప్పుడు తిండి తక్కువైనా, చుట్టూ గుంపు ఎక్కువైనా, వేడి పెరిగినా అది మామూలు దారి వదిలేసి డావర్ అవుతుంది. నోరు మూసుకుపోతుంది, తినదు, పిల్లల్ని కనదు, చర్మం గట్టిపడుతుంది. అలా నెలల తరబడి ఉండగలదు. తిండి దొరకగానే మళ్లీ లేచి, ఆగిన చోటి నుంచి పెరిగి మామూలుగా బతుకుతుంది. అదునుకు వాన వచ్చేదాకా విత్తనం అటక మీద ఉన్నట్టు. ఈ ఆగే ఏర్పాటులో కొంత భాగాన్ని, ఆగకుండానే, పెద్ద పురుగు కూడా వాడుకోగలదన్నది కెన్యన్ పట్టుకున్న మర్మం.

1996, 1997లో గ్యారీ రవ్‌కున్ ల్యాబు ఈ జన్యువులను విప్పి చూసింది. (మైక్రో ఆర్ఎన్‌ఏ మీద చేసిన వేరే పనికి 2024లో నోబెల్ వచ్చింది ఈయనకే.) డాఫ్-2 తయారు చేసేది కణం పైనుండే ఒక గ్రాహకాన్ని. మన ఒంట్లో ఇన్సులిన్‌నూ, ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోనునూ అందుకునే గ్రాహకాలు దీని బంధువులే. ఏజ్-1 ఆ గ్రాహకం ఇచ్చిన కబురును లోపలికి మోసుకెళ్తుంది. అంటే క్లాస్, జాన్సన్, కెన్యన్ వేర్వేరు చోట్ల తవ్వి దొరకబుచ్చుకున్నది ఒకే కాలువ.

ఆ కాలువ పని ఇలా. తిండి ఉంటే ఇన్సులిన్ వంటి హార్మోన్లు డాఫ్-2ను తడతాయి. పెరుగు, పిల్లల్ని కను అన్న కబురు లోపలికి పోతుంది. ఆ కబురు నడిచినంత సేపూ డాఫ్-16 అనే ప్రొటీన్‌ను కణం కేంద్రకంలోకి రానివ్వరు. కబురు సన్నబడితే డాఫ్-16 లోపలికి వెళ్లి ఎన్నో జన్యువులను ఒకేసారి లేపుతుంది. వంకరపోయిన ప్రొటీన్లను సరిచేసేవి కొన్ని, కణాన్ని కొరికే రసాయనాలను అణిచేవి కొన్ని, క్రిములతో పోరాడేవి కొన్ని. కోలీన్ మర్ఫీ, కెన్యన్ 2003లో చూపించినదాన్ని బట్టి వీటిలో ఏ ఒక్కటీ పెద్ద వీరుడు కాదు. అన్నీ కలిస్తేనే ఆయుష్షు. డాఫ్-2ను యమధర్మరాజులాంటిదని, డాఫ్-16ను స్వీట్ సిక్స్‌టీన్ అని ఆ ల్యాబులో పిలుచుకునేవాళ్లు.

నాకు మాత్రం డాఫ్-16 కరువు పని మేస్త్రీలా కనిపిస్తాడు. వాన బాగున్నంత కాలం వాడికి పిలుపు లేదు.

మా కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు ఇక్కడ పనికొస్తుంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు దాన్ని కట్టించినట్టు చెప్పే శాసనం 1369 నాటిది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా అందులో చెక్కారు. ఆరున్నర శతాబ్దాలు దాటినా చెరువు ఉంది. దాని తర్వాత కట్టి తెగిపోయిన చెరువులు సీమలో ఎన్నో. మట్టి అన్నిటికీ మట్టే, వానా అదే వాన. తేడా ఎవరు ఎప్పుడు పూడిక తీశారు, ఎప్పుడు కట్ట చూశారు అన్న దాంట్లో ఉంది. ఎలుకకూ గబ్బిలానికీ ఉన్న తేడా కూడా ఎక్కువగా ఇలాంటిదే.

తర్వాతి ఏళ్లలో కెన్యన్ దీన్ని అన్ని వైపుల నుంచీ నొక్కి చూసింది. పురుగు సంతాన కణాలను తీసేస్తే ఆయుష్షు సుమారు 60 శాతం పెరిగిందని 1999లో తేలింది. పిల్లల కోసం పెట్టే శక్తి మిగిలిపోయి అలా జరిగిందనుకుంటే తప్పు. మామూలు పురుగుకు ఆ కణాలతో పాటు సంతాన అవయవమంతా తీసేస్తే లాభం రాలేదు. అంటే ఇదీ కబుర్ల వ్యవహారమే. 2002లో ఇంకో మెలిక బయటపడింది. పిల్లప్పుడు డాఫ్-2ను అణిచి పెద్దయ్యాక వదిలేస్తే ఆయుష్షు పెరగదు. పెద్దయ్యాక అణిచినా పెరుగుతుంది. మరుసటి ఏడు ఇన్సులిన్ కబురును తగ్గించి, సంతాన అవయవాన్ని కూడా తీసేసిన పురుగులు ఆరు రెట్లు బతికాయి.

ఇన్ని లాభాలుంటే ప్రకృతి ఈ పురుగునే ఎందుకు మిగల్చలేదు? నాకు ఈ కథంతటిలో ఎక్కువ ఇష్టమైన ప్రయోగం ఇక్కడుంది. గోర్డన్ లిత్‌గో బృందం 2000లో ఏజ్-1 పురుగులనూ మామూలు పురుగులనూ ఒకే పళ్లెంలో పెంచింది. తిండి నిండుగా ఉన్నంత కాలం రెండూ సమంగా నిలిచాయి. ఒక విడత ఆకలి, ఒక విడత తిండి అని మార్చి మార్చి పెట్టారు. తరాలు గడిచేకొద్దీ దీర్ఘాయుష్షు పురుగులు తగ్గిపోయాయి. కరువు తర్వాత మొదటి పదును పడగానే గొర్రు కట్టినవాడిదే పంట కదా. వాన వచ్చాక కూడా కట్టకు మట్టి వేస్తూ కూర్చున్నవాడి చేను బీడు.

ఇదంతా ఒకరోజు మా మామకు చెప్పాను. ఆయనకు షుగర్. శ్రద్ధగా విని, "అయితే అల్లుడూ, నాకు ఇన్సులిన్ సరిగా పనిచేయక పదైదేండ్లాయ. ఆ లెక్కన నేను రెండు నూర్లు బతకాల గదా?" అన్నాడు.

నవ్వులాటకు అన్నా, ఈ విషయంలో అడగాల్సిన ప్రశ్న అదే. జవాబు మూడు ముక్కల్లో ఉంది, మూడూ ఒకదానికొకటి ముడిపడే ఉన్నాయి.

పురుగుకు ఒకే గ్రాహకం. మనకు ఇన్సులిన్‌ది వేరు, ఐజీఎఫ్-1ది వేరు. చక్కెరను సంభాళించే పని ఒకదానిది, పెరుగుదల పని ఎక్కువగా ఇంకోదానిది. ఎలుకల్లో ఐజీఎఫ్ గ్రాహకం సగం తగ్గినప్పుడు, ముఖ్యంగా ఆడవాటికి, ఆయుష్షు పెరిగిందని 2003లో చూశారు. ఇన్సులిన్ గ్రాహకాన్ని కొవ్వు కణాల్లో మాత్రమే తీసేసిన ఎలుకలు కూడా ఎక్కువ బతికాయి. అదే గ్రాహకం ఒళ్లంతా లేకుండా పుట్టిన ఎలుకలు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి. కబురు ఎంత తగ్గింది, ఎక్కడ తగ్గింది అన్నదే లెక్క.

ఇక షుగర్ జబ్బులో జరిగేది కరువు కాదు. తిండి వస్తూనే ఉంది, ఇన్సులిన్ కూడా మొదట్లో మామూలుకంటే ఎక్కువే ఊరుతుంది. కణం వినడం మానేసింది. చెరువు నిండుగా ఉండి తూము తుప్పు పట్టి ఇరుక్కుపోతే, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది గానీ కరువు పని మొదలవదు. రక్తంలో మిగిలిపోయిన చక్కెర కళ్లను, మూత్రపిండాలను, నరాలను తింటుంది. పురుగుల తిండిలో గ్లూకోజు కలిపితే వాటి ఆయుష్షు తగ్గిందని కెన్యన్ ల్యాబు 2009లో రాసింది. అది చూశాక ఆమె తన తిండిలో తీపినీ పిండి పదార్థాలనూ బాగా తగ్గించేసుకుంది. పురుగును చూసి మనిషి పథ్యం చేయడం అవసరమా అంటే నేను అనను గానీ, మామ ఆ పథ్యం చేస్తే నష్టమేమీ లేదు.

అలాగని మనుషుల్లో ఐజీఎఫ్ తగ్గితే ఆయుష్షు పెరుగుతుందా? ఈక్వెడార్ కొండ ఊళ్లలో లారాన్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాలున్నాయి. పెరుగుదల హార్మోను గ్రాహకం పనిచేయక వాళ్ల ఎత్తు నాలుగడుగులకు అటూ ఇటుగా ఆగిపోతుంది, ఐజీఎఫ్ చాలా తక్కువ. హైమే గెవారా అగీరే అనే డాక్టరు సుమారు వంద మందిని 22 ఏళ్లు చూసి 2011లో రాసింది ఏమిటంటే, వాళ్లలో ఒక్కరికీ షుగర్ రాలేదు, క్యాన్సర్ ఒక్కరికే, అదీ ప్రాణం తీయనిది. అయినా బంధువులకంటే ఎక్కువేమీ బతకలేదు. ప్రమాదాల్లో, తాగుడు వల్ల, ఇంకా వేరే కారణాలతో పోయారు. జబ్బు తగ్గడం వేరు, ఆయుష్షు పెరగడం వేరు.

డాఫ్-16కు మన ఒంట్లోని రూపాల్లో ఒకటి ఫాక్సో3. హవాయిలోని జపాన్ సంతతి మగవాళ్లలో, ఈ జన్యువు ఒక రకంగా ఉన్నవాళ్లు బాగా ముసలి వయసు దాకా బతకడం ఎక్కువగా కనిపించిందని 2008లో తేలింది. తర్వాత వేరే దేశాల్లోనూ అదే కనిపించింది. దాని ప్రభావం చిన్నదే.

"మా వంశంలో అందరూ నూరేళ్లు బతికినవాళ్లే" అనేవాళ్లకు ఇంకో సంగతి. 2013లో గూగుల్ పెట్టిన కాలికో అనే సంస్థలో కెన్యన్ 2014లో చేరింది. అదే సంస్థ 2018లో 40 కోట్లకు పైగా మనుషుల వంశవృక్షాలు తిరగేసి, ఆయుష్షులో వారసత్వం వాటా 10 శాతం కూడా ఉండదని చెప్పింది. కవలల మీద చేసిన పాత లెక్కలు 20-25 శాతం అనేవి. ఎందుకింత తేడా? రక్తసంబంధం లేని వియ్యంకుల, తోడల్లుళ్ల ఆయుష్షులు కూడా ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వాళ్ల కంటపడింది. మనిషి తనలాంటి ఇల్లు చూసుకునే సంబంధం కలుపుకుంటాడు. తిండి, డబ్బు, అలవాట్లు అన్నీ అలా పోలుతాయి. అదంతా జన్యువు ఖాతాలో పడిపోయింది. అమెరికా వంశవృక్షాల్లోనే ఇంత చిక్కుంటే మేనరికాల సీమలో ఎలాంటి ముడి పడుతుందో ఊహించుకోండి. ఈ లెక్క మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ 10 శాతాన్ని పట్టుకుని ముసలితనంలో జన్యువులకు పనిలేదనుకుంటే అదీ పొరపాటే. ఆ అంకె చెప్పేది మనిషికీ మనిషికీ మధ్య తేడాను. అందరి తూములూ దాదాపు ఒకే తీరుగా కట్టి ఉంటే తేడా తక్కువే కనిపిస్తుంది. తూము లేదని దాని అర్థం కాదు.

చివరికి మామ అడిగింది మాత్ర గురించి. "అంత కనిపెట్టినారు, మందు లేదా?"

వెతికారు. కెన్యన్, రొట్టె పిండిని పొంగించే ఈస్ట్ మీద పనిచేసిన లియోనార్డ్ గారెంటీ కలిసి 1999లో ఎలిక్సిర్ అనే కంపెనీ పెట్టారు. ముసలితనానికి మందు రాకుండానే అది మూతబడింది. ఈస్టర్ ద్వీపం మట్టిలో దొరికిన రాపమైసిన్ ఇంకో దారి. అది కూడా తిండి కబురును మోసే కాలువ మీదే పనిచేస్తుంది. 600 రోజులు దాటిన ఎలుకలకు పెట్టినా, అంటే మనిషికి అరవై దాటాక మొదలుపెట్టినట్టే, ఆయుష్షు పెరిగిందని 2009లో తేలింది. అయితే అది కిడ్నీ మార్చిన వాళ్లకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు. పొద్దున్నే టీతో వేసుకునేది కాదు. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మీద కూడా ఆశలున్నాయి, షుగర్ లేనివాళ్ల ఆయుష్షు పెంచుతుందని రుజువు మాత్రం లేదు. ఫోన్‌లో ప్రకటనలు చూసి వేలకు వేలు పోసి కొనే యవ్వనపు మాత్రల సంగతి నేను మాట్లాడను.

"మెట్‌ఫార్మిన్ నేను తింటాండేదే గదా?" అన్నాడు మామ.

"అదే మామా. అది నీ షుగర్‌కు."

"అయితే మానొద్దంటావు."

"మానొద్దు."

ఆయన లేచి వంటింట్లోకి చూసి, సంగటి ముద్ద ఒకటి చాలు, అన్నం వద్దని అత్తకు చెప్పాడు. ఆ మాట ఎన్నాళ్లు నిలుస్తుందో అత్తకు తెలుసు. ఏమీ అనలేదు.